పన్నెండు సాక్సు మెషిన్ల వెల

బ్యాంకు హెడ్డాఫీసు మూడో అంతస్తులో, లిఫ్టు మోటారు గదిని ఆనుకుని ఒక బల్ల ఉంది. లిఫ్టు కదిలినప్పుడల్లా ఆ బల్ల మీద పెన్సిళ్లు కూడా కదులుతాయి. ఇరవయ్యారేళ్లుగా ఆ బల్ల దగ్గర కూర్చుంటున్నావిడని బ్యాంకులో అందరూ మొండక్క అంటారు. ఆమె మొండిదని కాదు, మొండి బాకీల లెక్క చూస్తుందని. మొండిది కూడా అనుకోండి, కానీ పేరు పెట్టింది అందుకు కాదు.

మొండి బాకీ అంటే అదేదో పెద్ద మర్మం కాదు. అప్పు తీసుకున్న మనిషి తొంభై రోజులు వాయిదా కట్టకపోతే ఆ అప్పు మొండిదైపోయినట్టు. ఎనభై తొమ్మిదో రోజు సాయంత్రం దాకా అది నిక్షేపంలాంటి అప్పు. బ్రాంచి మేనేజర్లు దాని గురించి, క్లాసులో ఫస్టొచ్చిన కొడుకు గురించి చెప్పినట్టు చెప్పుకుంటారు. తెల్లారేసరికి అదే అప్పు మొండక్క బల్ల మీద ఉంటుంది. ఇక అక్కణ్ణుంచి, ఆ డబ్బు తిరిగి రాకపోతే ఎలాగని బ్యాంకు తన లాభంలోంచి కొంత తీసి పక్కన పెట్టాలి. ఎంత పెట్టాలో చెప్పడమే ఆమె ఉద్యోగం. మొదటి ఏడాది వందకి పదిహేను. ఆ తర్వాత తాకట్టులో ఉన్న సరుకుని బట్టి ఉంటుంది. సరుకు ఎంత చేస్తుందో అంతమేరకు వందకి ఇరవై అయిదు, అంతకు పైనున్న అప్పుకి వందకి వందా. ఆ సరుకు అప్పులో పదో వంతు కూడా చెయ్యదని తేలిందా, ఇక వెనకాముందూ చూడకుండా అప్పంతా పక్కన పెట్టేయాల్సిందే.

"అప్పు పోయిందని ఏడవకముందే, ఆ ఏడుపుకి డబ్బు దాచుకోవడం," అని కొత్తగా చేరినవాళ్లకి ఆమె ఒక్క ముక్కలో చెప్పేది. వాళ్లు నవ్వేవాళ్లు. ఆమె నవ్వేది కాదు. వాళ్లు నవ్వు ఆపేదాకా ఆగి, తర్వాతి ముక్క చెప్పేది.

ఆమె బ్యాంకులో చేరింది టైపిస్టుగా. ఆ బల్ల దగ్గర అంతకుముందున్న పెద్దాయన రిటైరైతే ఆ కుర్చీలోకి రావడానికి ఎవరూ ముందుకు రాలేదు. వస్తారా మరి. ఆ బల్ల మీద రాసే ప్రతి అంకె ఎవరో ఒక మేనేజరు చూపించుకున్న లాభాన్ని కోసేస్తుంది. అలాంటి మనిషిని క్యాంటీన్లో ఎవరూ తమ పక్కన కూర్చోమనరు. మొండక్క ఇంటినుంచి డబ్బా తెచ్చుకునేది కాబట్టి ఆ ఇబ్బంది ఆమెకి తెలియలేదు. తెలియలేదని ఆమె చెప్పేది.

ఆమెకి ఒక పట్టింపు ఉంది. మెషిన్ల మీద ఇచ్చిన అప్పు ఏదొచ్చినా, ముందు ఏడాది పొడుగు కరెంటు బిల్లులు అడుగుతుంది. ఆ బల్ల దగ్గర కూర్చున్న మూడో ఏడు ఒక బిస్కెట్ల ఫ్యాక్టరీ ఫైలు వచ్చింది. వెల కట్టిన ఇంజినీరు రిపోర్టు ఉంది, ఫోటోలున్నాయి, మెషిన్లు తళతళలాడుతున్నాయి. ఆమె నమ్మేసి కొంచెమే పక్కన పెట్టించింది. తీరా వేలానికని వెళ్లి తాళం పగలగొడితే లోపల ఒక పాత క్యాలెండరూ ఒక పిల్లీ ఉన్నాయి. ఫోటోలు ఇంకెవరి ఫ్యాక్టరీవో. ఆమెని ఎవరూ ఏమీ అనలేదు. ఇంజినీరుకే చీవాట్లు పడ్డాయి. అయినా ఆమె తనని తాను క్షమించుకోలేదు. ఆనాటి నుంచి బిల్లులు లేకుండా వచ్చిన ఫైలు వచ్చిన దారినే వెనక్కి పోవడం మొదలైంది. మేనేజర్లకి తలప్రాణం తోకకి వచ్చేది.

భర్త బస్సు డిపోలో టైమ్‌కీపరు. పెళ్లయిన కొత్తలో ఆయన ఆమె ఉద్యోగం గురించి అడిగి తెలుసుకుని, "మీవాళ్లు తొంభై రోజులు లేటయ్యాక అడుగుతారా? మేం తొంభై సెకన్లకే అడుగుతాం," అన్నాడు. తర్వాత మళ్లీ అడగలేదు. ఇద్దరికీ బాగానే జరిగిపోతోంది.

ఇక ఆ సాక్సుల సంగతి.

ఒక సోమవారం పొద్దున్న, ఆస్పత్రి ఆయాల నీలం చీరలో ఒకావిడ మూడో అంతస్తుకి మెట్లెక్కి వచ్చింది. అరవై దగ్గర పడ్డ మనిషి. లిఫ్టులో సిబ్బందే ఎక్కాలని కింద బోర్డుంది, ఆవిడ అది చదివింది.

"మొండి బాకీలావిడ ఇక్కడుంటారని బ్రాంచిలో చెప్పారమ్మా."

"నేనే. కూర్చోండి," అంది మొండక్క. కూర్చోవడానికి కుర్చీ లేదు. ఆ బల్ల దగ్గరికి బయటివాళ్లు రాకూడదు కాబట్టి కుర్చీ ఎవరూ వేయలేదు. ఆవిడ పాత ఫైళ్ల ఇనపపెట్టె మీద కూర్చుంది.

"మా తమ్ముడు సాక్సులు అల్లే మెషిన్ల మీద మీ దగ్గర అప్పు తీసుకున్నాడు. వడ్డీతో పది లక్షలైందట. నేను హామీ సంతకం పెట్టాను. ఈ నెలాఖరుకి రిటైరైపోతున్నాను. నాకొచ్చే డబ్బు మీరు తీసేసుకుంటారా?"

ఇలాంటి ప్రశ్నకి రాతపూర్వకంగా అడగమని చెప్పడం బ్యాంకు ఆనవాయితీ. మొండక్కకి ఆ ముక్క నోటిదాకా వచ్చింది. కానీ ఎదుటి మనిషి మూడంతస్తులెక్కి ఆయాసపడుతోంది.

"తీసుకోవచ్చు," అంది.

ఆయా తల ఊపింది. ఏడవలేదు. ముప్పయ్యొక్క ఏళ్లు ఆస్పత్రి వార్డులో పనిచేసిన మనిషికి అడిగినదానికి సూటిగా జవాబు రావడమే అపురూపం. తర్వాత తన సంగతి చెప్పింది. ఇరవై రెండేళ్లుగా రెండు గదుల్లో అద్దెకుంటోంది. ఆ రెండు గదులూ ఓనరు అమ్మేస్తున్నాడు. ముందు నువ్వు కొంటానంటే నీకే, నీ రిటైర్మెంటు డబ్బు వచ్చేదాకా ఆగుతా, ఆపైన ఆగను అన్నాడు. వచ్చే డబ్బు సరిగ్గా దానికి సరిపోతుంది. బ్యాంకు తీసుకుంటే ఈ వయసులో సామాను నెత్తిన పెట్టుకుని వీధిన పడాలి.

"మా తమ్ముడు రెండు లక్షలు కూడబెట్టాడమ్మా. అంతకుమించి అమ్ముకోవడానికి వాడి దగ్గర వాడే మిగిలాడు. మెషిన్లు మాత్రం నిక్షేపంలా ఉన్నాయంటాడు. నిక్షేపంలా ఉంటే అప్పు ఎందుకు తీరదో నాకు అర్థం కాదు."

మొండక్కకీ అర్థం కాలేదు. ఆవిడ వెళ్లాక ఫైలు తీసింది. అప్పు మొండిదై రెండేళ్లయింది. తాకట్టులో పన్నెండు సాక్సు మెషిన్లు, అంతే. ఇల్లు లేదు, స్థలం లేదు, షెడ్డు అద్దెది. కిందటి నెల ఇంజినీరు వచ్చి చూసి, పన్నెండూ నడుస్తున్నాయి, ఒక్కోటి యాభై వేలు, మొత్తం ఆరు లక్షలని రాశాడు. రంగు ఫోటోలు జతచేశాడు. కరెంటు బిల్లులు జతచేయలేదు.

ఇక్కడ బ్యాంకు పద్ధతి ఒకటి చెప్పాలి. అప్పు మొత్తం కట్టలేనివాళ్లు కొంత కట్టి, మిగతాది వదిలేయమని అడగొచ్చు. దానికో కమిటీ ఉంది, అది ఒప్పుకుంటే హామీ పెట్టినవాళ్లూ బయటపడతారు. మూడు నెలలకోసారి కూర్చుంటుంది. అప్పటికే పక్కన పెట్టిన డబ్బు ఎంతో అంతవరకే వదులుకుంటుంది, పైసా ఎక్కువ వదలదు. పక్కన పెట్టినది ఎలాగూ ఏడ్చేసిన డబ్బే కదా, మళ్లీ ఏడవక్కర్లేదని వాళ్ల లెక్క. సాక్సులాయన మెషిన్లు ఆరు లక్షలు చేస్తే, ఆ ఆరింటిలో పావు వంతు లక్షన్నర, పైనున్నది పూర్తిగా నాలుగు లక్షలు, వెరసి అయిదున్నర లక్షలు పక్కన పెట్టాలి. అంటే ఆయన నాలుగున్నర కడితేనే కమిటీ ఒప్పుకుంటుంది. ఆయన దగ్గర రెండున్నాయి. అదే ఆ మెషిన్లు లక్ష కూడా చెయ్యకపోతే పది లక్షలూ పక్కన పెట్టేయాలి, అప్పుడు ఆయనిచ్చే రెండు లక్షలు కమిటీకి దారిలో దొరికిన డబ్బుతో సమానం. కమిటీ ఈ శుక్రవారమే కూర్చుంటుంది. అది దాటితే మళ్లీ మూడు నెలలు. అప్పటికి ఆయా డబ్బు వచ్చేసి ఉంటుంది, దాంతోపాటు బ్యాంకు లాయరు కూడా.

బ్రాంచి మేనేజరుకి ఫోన్ చేసింది. ఆయన్ని హెడ్డాఫీసులో ఇస్త్రీ మేనేజరు అంటారు. మధ్యాహ్నం మూడైనా చొక్కా మడత నలగదు.

"కరెంటు బిల్లులేవి?"

"ఇంజినీరు రిపోర్టు ఉంది కదా మేడం. కలర్ ఫోటోలతో సహా ఇచ్చాడు."

"ఫోటోలకి కరెంటు అక్కర్లేదు. బిల్లులు పంపండి."

సాయంత్రానికి బిల్లులు వచ్చాయి. ఏడాది మొత్తం కలిపితే ఒక ఫ్యానూ రెండు బల్బులూ తినే కరెంటు. మొండక్క ఆ కాగితాల వంక చాలాసేపు చూసింది. ఇన్నేళ్లలో అబద్ధం చెప్పి సరుకు ఉందన్నవాళ్లని చాలామందిని చూసింది. వాళ్లంతా అబద్ధం చెప్పి లాభపడదామనుకున్నవాళ్లు. ఈయన అబద్ధం చెప్పి తన గోతిని తనే తవ్వుకుంటున్నాడు. ఇది స్వయంగా చూసి రావాల్సిందేననుకుంది. మర్నాడు పొద్దున్న వస్తానని, మేనేజర్ని కూడా వెంట రమ్మని బ్రాంచికి కబురు పెట్టింది. బ్రాంచి ఆ కబురు సాక్సులాయనకి చేరేసింది.

ఆ షెడ్డుకి ఒకవైపు సైకిళ్లు బాగుచేసే కొట్టు, ఇంకోవైపు అద్దాలు కోసే కొట్టు. లోపల నేల కడిగి ఉంది. నడుమెత్తు మెషిన్లు ఆరేసి చొప్పున రెండు వరసల్లో నిలబడ్డాయి. అన్నిటికీ ఆకుపచ్చ పెయింటు, వాసన ఇంకా పోలేదు. సాక్సులాయన యాభై అయిదేళ్లవాడు, సన్నగా ఉంటాడు. చొక్కా తెల్లగా ఉంది గానీ గోళ్లన్నీ ఆకుపచ్చగా ఉన్నాయి.

"రండమ్మా, రండి. ఈ ఊళ్లో సగంమంది పిల్లల కాళ్లు నా సాక్సుల్లోనే పెద్దవయ్యాయి. ఆ హోల్‌సేలువాడు ఒక సీజను సరుకంతా పట్టుకుని పారిపోకపోతే మిగతా సగం కాళ్లు కూడా నావే."

నాలుగు మెషిన్లు ఆన్ చేశాడు. షెడ్డు దద్దరిల్లింది. గుండ్రటి సిలిండరు చుట్టూ సూదులు లేస్తూ పడుతూ ఉంటే కింద గొట్టంలోంచి ఒక బూడిదరంగు సాక్సు జారిపడింది. దాన్ని తీసి మొండక్క చేతిలో పెట్టాడు. వెచ్చగా ఉంది.

"మడమ దగ్గర చూడండి. ఎక్కడైనా ముడి తగిలిందా?"

తగల్లేదు. మంచి సాక్సు. ఆ మాటే ఆయనతో అంది. సాక్సులాయన మొహం చాటంత అయింది.

"అయిదోది నడపండి," అంది మొండక్క.

"తప్పకుండా. ముందు మేనేజరుగారూ మీరూ అలా సందు చివరికెళ్లి ఒక టీ తాగి రండమ్మా. చాలా బాగా పెడతాడు."

"నాకు టీ అలవాటు లేదు."

"కాఫీ అయినా."

"అదీ లేదు."

"పోనీ మంచినీళ్లు."

"తెచ్చుకున్నాను," అని ఆమె సంచిలోంచి సీసా తీసి చూపించింది.

సాక్సులాయన నీళ్లు నమిలాడు. ఇస్త్రీ మేనేజరు మొహంలో మాత్రం ఏదో కదిలింది. ఇంజినీరుతో వచ్చినప్పుడు ఇద్దరూ సందు చివర రెండుసార్లు టీ తాగారు. రెండుసార్లు ఎందుకు తాగవలసి వచ్చిందో ఆయనకి అప్పుడు తట్టలేదు.

నడుస్తున్న మోటార్లలో ఒకదాని మీద ఒక సాక్సు ఆరేసి ఉంది. మొండక్క వంగి దాన్ని ఎత్తింది. కింద ఎర్రరంగుతో 'అద్దెకు' అని రాసి, ఫోన్ నంబరు వేసి ఉంది. మిగతా మూడు మోటార్ల మీదా తలో సాక్సు ఉంది. ఆమె వాటిని ఎత్తలేదు.

"మేనేజరుగారూ, ఇవి నాలుగే మోటార్లు. పన్నెండు మెషిన్ల కింద తిరిగాయి," అంది.

మేనేజరు మొహం మాడిపోయింది. సాక్సులాయన మెషిన్లు ఆపేశాడు.

అప్పుడు మొండక్క ఆయనకి లెక్కంతా చెప్పింది. ఆరు లక్షలంటే ఏమవుతుందో, లక్షకి లోపలంటే ఏమవుతుందో, కమిటీ ఎప్పుడు కూర్చుంటుందో, వాళ్లక్క డబ్బు ఎప్పుడొస్తుందో, అన్నీ పూసగుచ్చినట్టు చెప్పింది.

"ఇవన్నీ కస్టమర్లకి చెప్పకూడదు మేడం," అన్నాడు మేనేజరు.

"చెప్పకూడదని రూల్స్ పుస్తకంలో ఏ పేజీలో ఉందో చూపించండి, ఆపేస్తాను."

సాక్సులాయన నూలు బేలు మీద కూలబడ్డాడు. "నా మెషిన్లు బాగున్నాయంటే మా అక్క మునుగుతుంది. చెత్త అంటే గట్టెక్కుతుంది. అంతేనామ్మా?"

"అంతే."

"ఇదేం లెక్కండీ?"

"ఆ లెక్క పెట్టింది నేను కాదు. నేను కూడతాను, అంతే. చెత్త అని చెప్పమని కూడా నేను అడగట్లేదు. ఏది ఎలా ఉందో అలా చెప్పండి, రాసుకుంటాను."

 పక్క కొట్లో అద్దం కోస్తున్న చప్పుడు వినిపిస్తోంది. మనిషి తను ముప్పయ్యేళ్లు పోషించుకొచ్చినదాన్ని తన నోటితో తనే పనికిరాదని చెప్పాల్సి రావడం ఎంత కష్టమో మొండక్కకి తెలుసు. తెలుసని అంతవరకూ ఆమెకి తెలియదు. బల్ల దగ్గర అదంతా ఒక గడిలో పట్టే అంకె.

ఆయన లేచి ఒకటో మెషిన్ దగ్గరికి వెళ్లాడు. "దీని మోటారు నూలు కొట్టువాడి బాకీ కింద పోయింది. సూదులు సగం లేవు, మోటారు తగిలిస్తే ఊరికే తిరుగుతుంది గానీ అల్లదు." రెండో దాని సూదులు తీసి మూడోదానికి వేశాడు, తర్వాత మూడోదీ ఆగింది. నాలుగో దాని సిలిండరు పగిలింది. అయిదు, ఆరు, ఏడు, ఎనిమిది, అన్నిటి మోటార్లూ అమ్మేశాడు. అలా పన్నెండో దాని దాకా, చుట్టాల ఫోటోలు చూపిస్తున్నంత నెమ్మదిగా చెప్పుకుంటూ వెళ్లాడు. మొండక్క పెన్సిలుతో రాసుకుంది. పాత ఇనుము కొనేవాణ్ణి పిలిపించి తూకం వేయిస్తే ఒక్కోటి మూడు వేల రెండు వందలు పలికింది. పన్నెండూ కలిపి ముప్పై ఎనిమిది వేల నాలుగు వందలు.

బుధవారం ఇస్త్రీ మేనేజరు నేరుగా జనరల్ మేనేజరు దగ్గరికి వెళ్లాడు. ఇంకో నాలుగున్నర లక్షలు పక్కన పెడితే ఆయన బ్రాంచికి ఈ ఏడాది లాభం బదులు నష్టం వస్తుంది. జనరల్ మేనేజరు మొండక్కని పిలిపించాడు.

"తక్కువ పక్కన పెట్టే దారేమైనా ఉందా మేడం?"

"ఉంది సార్. పన్నెండు మోటార్లు, రెండు వేల సూదులు, ఒక సిలిండరు మనమే కొనివ్వాలి."

ఆయన కరెంటు బిల్లులు చూశాడు, ఫైలు మీద సంతకం పెట్టాడు. ఒక షరతు మాత్రం రాశాడు. మెషిన్ల జాబితా అక్షరాలా నిజమని అప్పు తీసుకున్నాయన శుక్రవారం కమిటీ ముందు సంతకం పెట్టి ఇవ్వాలి. అందులో తేడా వస్తే వెల కట్టడం మళ్లీ మొదటినుంచి.

శుక్రవారం మధ్యాహ్నం కమిటీ గది బయట బెంచీ మీద అక్కా తమ్ముడూ కూర్చున్నారు. రెండు లక్షల డ్రాఫ్టు ఆయా చేతిసంచిలో ఉంది. సంచి ఆవిడ రెండు చేతుల్లో ఉంది. ఇస్త్రీ మేనేజరు కిటికీ దగ్గర నిలబడ్డాడు. మొండక్క జాబితా తెచ్చి సాక్సులాయన చేతిలో పెట్టి, సంతకం ఎక్కడో చూపించింది.

ఆయన కళ్లజోడు పెట్టుకుని చదవడం మొదలుపెట్టాడు. సగం దూరం వచ్చి ఆగిపోయాడు.

"పైన రాసినదంతా నిజమని పెట్టాలామ్మా సంతకం?"

"అవును."

"అయితే ఒకటి తప్పుంది. ఏడోది పోలేదు."

బెంచీ మీద ఆయా తల తిప్పి చూసింది.

"దాని మోటారు నేను అమ్మలేదమ్మా. దాచాను. సూదులన్నీ ఉన్నాయి. తగిలిస్తే బ్రహ్మాండంగా నడుస్తుంది. మొన్న మీరు లక్ష అనగానే, అదీ పోయిందని అనేశాను. నోటితో అనేశాను గానీ, సంతకం పెట్టాలంటే చెయ్యి రావట్లేదు."

మొండక్కకి భయమేసింది. ఇరవయ్యారేళ్లలో ఒక అంకె కోసం ఆమె భయపడటం అదే మొదటిసారి. వినిపించనట్టు ఊరుకుందామా అనిపించింది. కానీ మేనేజరు కూడా విన్నాడు. మేనేజరు లేకపోయినా తను రాసి తీరేదని ఆమెకి తెలుసు. అలా రాసి తీరే మనిషైనందుకు ఆ క్షణాన తనంటే తనకే ఇష్టం లేకపోయింది.

"నడిచే సరుకు ఉందన్నమాట," అన్నాడు మేనేజరు కిటికీ దగ్గర్నుంచి వస్తూ. "మరి జాబితాలో తేడా వచ్చినట్టే కదా మేడం? మళ్లీ మొదటినుంచి..."

"ఒక్క నిమిషం. ఇంకా సంతకం కాలేదు. సంతకం కానిదే తేడా ఉండదు," అని మొండక్క పెన్సిలు తీసింది. "అదొక్కటేనా?"

సాక్సులాయన ఆలోచించాడు. ఆ ఆలోచన అంతసేపు సాగకపోతే బాగుండునని అక్కడున్న ఇద్దరు ఆడవాళ్లకీ అనిపించింది.

"తొమ్మిదోది కూడా, ఒక్క బెల్టు వేస్తే..."

"బెల్టు ఉందా?"

"లేదు."

"మోటారు?"

"లేదు."

"అయితే అది నడవదు."

"నడవదు," అని ఆయన ఒప్పుకున్నాడు, మనసొప్పకుండానే.

మొండక్క జాబితా వెనకవైపు కూడింది. నడిచే మెషిన్ వెల ఇంజినీరే రాశాడు, యాభై వేలు. పాత ఇనుము కింద పదకొండు, ఒక్కోటి మూడు వేల రెండు వందల చొప్పున ముప్పై అయిదు వేల రెండు వందలు. మొత్తం ఎనభై అయిదు వేల రెండు వందలు. పైనుంచి కిందికి కూడి, మళ్లీ కిందినుంచి పైకి కూడింది. మేనేజరు ఫోన్‌లో కూడాడు. ఆయనకీ అంతే వచ్చింది.

"లక్షకి పద్నాలుగు వేల ఎనిమిది వందలు తక్కువ," అంది మొండక్క.  "పది లక్షలూ పక్కన పెట్టాల్సిందే. రెండు లక్షలకి కమిటీ ఒప్పుకోవచ్చు. మీరు నిజం చెప్పినా సరిపోతుందండీ. అబద్ధం అవసరం లేదు."

ఏడో మెషిన్ వరస కొట్టేసి, దాని పైన 'నడుస్తున్నది' అని రాసి, పక్కన పొట్టి సంతకం పెట్టి కాగితం మళ్లీ ఇచ్చింది. సాక్సులాయన ఆ ఒక్క వరసే చాలాసేపు చదివాడు.

"యాభై వేలేనామ్మా దానికి?"

"ఎక్కువైతే మీకే నష్టం."

"తెలుసు. ఊరికే అన్నాను."

ఆయా ఇంకా తమ్ముడి వంకే చూస్తోంది. "ఎక్కడ దాచావురా ఆ మోటారు?"

"నీ మంచం కిందే అక్కా. పాత పుస్తకాలని చెప్పానే, ఆ అట్టపెట్టెలో. నెలకోసారి పట్టుకెళ్లి, తగిలించి, ఓ జత అల్లి, మళ్లీ తెచ్చి పెట్టేవాణ్ణి."

"నెలనెలా నన్ను చూడ్డానికి వస్తున్నావనుకున్నాను."

"అందుకూ వచ్చానక్కా."

ఆవిడ చేతిసంచి గట్టిగా పట్టుకుంది. కళ్లనిండా నీళ్లు తిరిగాయి. "మరి నా గదుల కోసం దాన్ని కూడా పోయిందన్నావా?"

 ఆయన కాగితం మోకాలి మీద పెట్టుకుని సంతకం చేశాడు. చెయ్యి వణికింది. మేనేజరు ఆ సంతకాన్ని ఫైల్లో ఉన్న పాత సంతకంతో పోల్చి చూసి, కలవడం లేదు, మళ్లీ పెట్టమన్నాడు. ఆయన మళ్లీ పెట్టాడు. ఈసారి ఇంకా ఎక్కువ వణికింది. ఆ రెండు సంతకాలనీ ప్రపంచంలో ఏ బ్యాంకూ ఒకే మనిషివని ఒప్పుకోదు. మొండక్క కాగితం తీసుకుంది, ఒకసారి చూసింది, 'సరిపోయినది' అని రాసి కమిటీ గది తలుపు తీసింది.